గేరు వైరు సర్దడంలోని సైన్సు: హ్యాండిల్‌బార్ మీద చక్కదనం ఎందుకు?

విల్లియనూరు నుంచి పుదుచ్చేరి సముద్రతీరం సుమారు 10 కిలోమీటర్లు. ఎండ ఎక్కకముందే రోడ్ సైకిల్ మీద వెళ్లి రావడానికి అనువైన దూరం. అలా బయలుదేరిన ఒకరి సైకిల్‌కు ఎలక్ట్రానిక్ గేర్లు ఉన్నాయనుకుందాం. తిన్నటి రోడ్డు మీద అన్నీ సవ్యంగానే పనిచేస్తున్నాయి. ఇంటి సందు మలుపులో హ్యాండిల్ కుడివైపు తిప్పగానే మాత్రం మీట నొక్కినా వెనుక గేరు మారడం లేదు. హ్యాండిల్ నిటారుగా పెడితే మళ్లీ మారుతోంది. బ్యాటరీ నిండుగా ఉంది. మోటారులో లోపం లేదు. మరి తప్పు ఎక్కడుంది?

ఇలాంటి సందర్భాల్లో మొదట చూడాల్సింది హ్యాండిల్‌బార్ దగ్గరి వైరునే. సైకిల్ తొక్కేవారి చేతుల ముందు ఉండే భాగాన్ని, అంటే హ్యాండిల్‌బార్, దాన్ని ఫోర్కుతో కలిపే స్టెమ్, బ్రేకు మీటలు, గేరు స్విచ్చులు అన్నింటినీ కలిపి ‘కాక్‌పిట్’ అంటారు. అక్కడి వైర్లను సర్దడం అందం కోసం చేసే పనిలా కనిపిస్తుంది. నిజానికి అందులో ఘర్షణ, సాగుదల, తుప్పు, గాలి నిరోధం, రేడియో తరంగాలు ఇలా భౌతిక, రసాయన శాస్త్రాల పాఠాలు చాలానే ఉన్నాయి.

స్టీలు కేబుల్ పోయి వైరు వచ్చింది

మామూలు గేరు సైకిల్‌లో మీటను నొక్కితే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న స్టీలు కేబుల్ లాగబడుతుంది. ఆ లాగుడుకు డిరైలర్ అనే భాగం పక్కకు జరిగి, గొలుసును ఒక పళ్లచక్రం నుంచి మరోదాని మీదికి తోస్తుంది. ఎలక్ట్రానిక్ పద్ధతిలో మీట స్థానంలో స్విచ్చు ఉంటుంది. అది సంకేతం పంపుతుంది, డిరైలర్‌లో ఉన్న చిన్న మోటారు ఆ పని చేస్తుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఫ్రెంచి సంస్థ మావిక్ 1990లలోనే ‘జాప్’ పేరుతో ఇలాంటి పరికరాన్ని తెచ్చింది. 1999లో ‘మెక్ట్రానిక్’ పేరుతో వైరులేని రకాన్నీ తెచ్చింది. రెండూ మార్కెట్లో నిలదొక్కుకోలేదు. జపాన్ సంస్థ షిమానో 2009లో డ్యూరా-ఏస్ డీఐ2ను అమ్మకానికి తెచ్చాక ఈ పద్ధతి స్థిరపడింది. ఇటలీకి చెందిన కాంపాన్యోలో 2011లో తన ఈపీఎస్‌ను, అమెరికాకు చెందిన స్రామ్ 2015లో వైరులేని ఈట్యాప్‌ను ప్రకటించాయి.

వైర్లున్న షిమానో సైకిళ్లలో రెండు గేరు స్విచ్చుల నుంచి వచ్చే వైర్లు ఒక జంక్షన్ పెట్టెలో కలుస్తాయి. అక్కడి నుంచి ఒకే వైరు ఫ్రేము లోపలికి వెళ్తుంది. మొదట్లో ఈ పెట్టెను స్టెమ్ కింద రబ్బరు బ్యాండుతో కట్టేవారు. తర్వాత హ్యాండిల్‌బార్ చివర రంధ్రంలో ఇమిడే పెట్టె వచ్చింది. సర్దడం అనే ప్రశ్న అంతా ఈ పెట్టె, దాని చుట్టూ ఉన్న వైర్ల గురించే.

వంపు తిరిగితే ఏమవుతుంది?

రేవులో పడవను ఆపేవారు తాడును గుంజకు రెండు మూడు చుట్లు తిప్పి, చివరను ఒక్క చేత్తో పట్టుకుంటారు. అంత పెద్ద పడవ ఆగుతుంది. తాడు వంపు తిరిగిన ప్రతి చోటా ఘర్షణ తోడై, లాగుడు బలాన్ని మింగేస్తుంది కనుకే అది సాధ్యం. ఈ నష్టం వంపు కోణంతో పాటు నిలకడగా కాకుండా, చక్రవడ్డీలా పెరుగుతుంది.

స్టీలు కేబుల్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. కేబుల్‌కూ దాని తొడుగుకూ మధ్య ఘర్షణ గుణకం 0.1 అనుకుందాం. దారిలో మొత్తం 90 డిగ్రీల వంపు ఉంటే మీట దగ్గర 17 శాతం ఎక్కువ బలంతో లాగాలి. 180 డిగ్రీలైతే 37 శాతం, 360 డిగ్రీలైతే 87 శాతం ఎక్కువ. అందుకే కేబుల్ గేర్లున్న సైకిల్ ముందు భాగంలో పెద్ద పెద్ద వంపులు బయటికి కనిపిస్తూ ఉంటాయి. వాటిని బిగించి దాస్తే గేరు బరువెక్కుతుంది.

వైరులో నడిచేది విద్యుత్తు. వంపులో దానికి ఘర్షణ లేదు. హైడ్రాలిక్ బ్రేకు గొట్టంలోనూ అంతే. పాస్కల్ సూత్రం ప్రకారం ద్రవంలోని పీడనం వంపులతో నిమిత్తం లేకుండా అవతలి చివరకు చేరుతుంది. ఈ రెండూ కలిసి వచ్చాకే హ్యాండిల్‌బార్, స్టెమ్‌ల లోపలి నుంచి అన్నింటినీ పంపించే సైకిళ్లు విస్తరించాయి.

అయితే వైరును ఎలాగైనా వంచవచ్చని కాదు. 2.5 మిల్లీమీటర్ల మందమున్న వైరును 20 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వంచితే దాని బయటి అంచు 6 శాతం పైన సాగుతుంది. 5 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి మడిస్తే 25 శాతం సాగుతుంది. ఒక్కసారి మడిస్తే వైరు తెగకపోవచ్చు. కానీ హ్యాండిల్ తిరిగిన ప్రతిసారీ అదే చోట మడత పడి విప్పుకుంటూ ఉంటే లోహం అలసిపోతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి విరవడంలో ఉన్న కిటుకు ఇదే.

30 డిగ్రీలు తిప్పితే చాలు

ఇప్పుడు ఇంటి సందు మలుపు దగ్గరికి వద్దాం. సైకిల్‌ను పైనుంచి చూస్తున్నట్టు ఊహించుకోండి. హ్యాండిల్ తిరిగే అక్షం ఒక చుక్క. దానికి 5 సెంటీమీటర్లు ముందు, స్టెమ్ మీద వైరు కట్టి ఉంది. అక్షానికి 5 సెంటీమీటర్లు ఎడమ పక్కన, ఫ్రేములో వైరు దూరే రంధ్రం ఉంది. ఎత్తు తేడాను పక్కన పెడితే ఈ రెండింటి మధ్య దూరం 7.1 సెంటీమీటర్లు.

హ్యాండిల్‌ను కుడివైపు 30 డిగ్రీలు తిప్పితే ఆ దూరం 8.7 సెంటీమీటర్లు అవుతుంది. 90 డిగ్రీలు తిప్పితే 10 సెంటీమీటర్లు. అంటే మొత్తం పెరిగే 2.9 సెంటీమీటర్లలో సగానికి పైగా మొదటి 30 డిగ్రీల్లోనే పెరుగుతుంది. ఎడమకు తిప్పితే దూరం తగ్గి వైరు వదులవుతుంది.

హ్యాండిల్ నిటారుగా ఉన్నప్పుడు చూడముచ్చటగా, బిగుతుగా కట్టిన వైరు, కుడి మలుపులో ఒకటిన్నర సెంటీమీటర్లు తక్కువ పడుతుంది. ఆ లాగుడు కనెక్టర్ మీద పడి, లోపలి లోహపు స్పర్శ ఒక్క క్షణం విడిపోతుంది. మొదట్లో వేసిన ప్రశ్నకు ఇది ఒక సమాధానం. రోడ్డు మీద ఎవరూ హ్యాండిల్‌ను 90 డిగ్రీలు తిప్పరు. కానీ సైకిల్‌ను గోడకు ఆనించినప్పుడు, కారులో పెట్టినప్పుడు, కింద పడినప్పుడు అది అంత దూరమూ తిరుగుతుంది. వదులు ఉంచాల్సింది ఆ సందర్భం కోసం.

ఉప్పు, చెమట, వాన

పుదుచ్చేరి అయినా, విశాఖ అయినా, కాకినాడ అయినా తీరప్రాంతపు గాలిలో ఉప్పు కణాలు ఉంటాయి. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ అవి వేగంగా తగ్గుతాయి. కాబట్టి విల్లియనూరులో నిలిపి ఉంచిన సైకిల్‌కు బీచ్ రోడ్డు పక్కన ఉంచినంత ముప్పు లేదు. అయితే కాక్‌పిట్‌కు మరో ఉప్పు వనరు ఎప్పుడూ పైనే ఉంటుంది. అది తొక్కేవారి చెమట. లీటరు చెమటలో ఒక గ్రాము నుంచి నాలుగు గ్రాములకు పైగా ఉప్పు ఉండవచ్చు. ముఖం నుంచి, ముంజేతుల నుంచి కారే చుక్కలు పడేది సరిగ్గా స్టెమ్ మీద, హ్యాండిల్ మీద, జంక్షన్ పెట్టె మీద.

ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ గాలిలోని తేమను పీల్చుకుని తనంతట తానే ద్రావణంగా మారుతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమర్చడం ప్రతి వంటింట్లో చూసేదే. తీరప్రాంతాల్లో తెల్లవారుజామున ఆర్ద్రత తరచూ ఆ గీత దాటుతుంది. అంటే నిన్న ఎండిపోయిన చెమట మరక, వాన పడకపోయినా, ఈ ఉదయానికి మళ్లీ ఉప్పునీరవుతుంది.

షిమానో డీఐ2 బ్యాటరీ వోల్టేజి 7.4. నీటిని విడగొట్టడానికి సూత్రరీత్యా 1.23 వోల్టులు చాలు. సరిగా కూర్చోని కనెక్టర్‌లోకి ఉప్పునీరు చేరితే రెండు లోహపు స్పర్శల మధ్య విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ధన ధ్రువం వైపు లోహం కొద్దికొద్దిగా కరుగుతుంది. రాగి ఉంటే ఆకుపచ్చ పొర కడుతుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పుదుచ్చేరి ప్రాంతంలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలోనే తీరం దాటింది.

దీనికి పరిష్కారం ఇంటి కరెంటు మిస్త్రీలకు బాగా తెలుసు. బయటి నుంచి గోడలోకి వైరు వచ్చే చోట వారు దాన్ని కొంచెం కిందికి వంచి, తర్వాత పైకి తిప్పి లోపలికి పంపుతారు. వైరు వెంట జారే నీరు ఆ వంపు అడుగున చుక్కలుగా రాలిపోతుంది. సైకిల్ మీద కూడా కనెక్టర్ కన్నా వైరు వంపు కిందికి ఉండాలి.

గాలి కోసం దాచాలా?

వైర్లు లోపల దాచితే గాలి నిరోధం తగ్గుతుందన్నది ప్రకటనల్లో కనిపించే మాట. లెక్క వేసి చూద్దాం. 3 మిల్లీమీటర్ల మందమున్న వైరు 30 సెంటీమీటర్ల పొడవున గాలికి అడ్డంగా ఉందనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో దానివల్ల పోయే శక్తి సుమారు 0.6 వాట్లు. ఆ వేగంలో తొక్కేవారు పెట్టే శక్తి 200 వాట్లకు పైగా ఉంటుంది. ఈ నష్టం వేగం ఘనంతో మారుతుంది కాబట్టి, గంటకు 18 కిలోమీటర్లలో అది ఎనిమిదో వంతుకు, అంటే 0.07 వాట్లకు పడిపోతుంది. పోటీల్లో సెకన్ల కోసం పోరాడేవారికి అర వాటు కూడా లెక్కే. ఉదయపు వ్యాయామానికి కాదు.

పూర్తిగా లోపల దాచడానికి మరో ఖరీదు ఉంది. బ్రేకు గొట్టాలు స్టీరింగ్ బేరింగు మధ్య నుంచి వెళ్లే సైకిళ్లలో, ఆ బేరింగు తుప్పు పడితే మార్చడానికి చాలాసార్లు గొట్టాలను విప్పాలి. చెమట ముందుగా చేరే బేరింగూ అదే.

వైరే లేకపోతే?

స్రామ్ ఈట్యాప్‌లో ప్రతి డిరైలర్‌కూ సొంత బ్యాటరీ ఉంటుంది. గేరు స్విచ్చుల్లో గుండీ ఆకారపు సీఆర్2032 బ్యాటరీలు ఉంటాయి. షిమానో 2021లో తెచ్చిన 12 గేర్ల డ్యూరా-ఏస్‌లో స్విచ్చుల నుంచి వైరు అవసరం లేదు. డిరైలర్లను మాత్రం ఫ్రేము లోపలి బ్యాటరీకి వైర్లే కలుపుతాయి. కాక్‌పిట్ సర్దే పని ఇలా చాలావరకు తప్పుతుంది. కొత్త ప్రశ్నలు మాత్రం వస్తాయి.

మొదటిది లోహపు గొట్టం. 2.4 గిగాహెర్ట్‌జ్ రేడియో తరంగపు పొడవు 12.5 సెంటీమీటర్లు. గుండ్రటి లోహపు గొట్టంలో తరంగం ముందుకు సాగాలంటే దాని పొడవు గొట్టం లోపలి వ్యాసానికి సుమారు 1.7 రెట్లు మించకూడదు. 2 సెంటీమీటర్ల హ్యాండిల్ గొట్టంలో ఈ తరంగం కొద్ది దూరంలోనే అంతరిస్తుంది. అందుకే చక్కదనం కోసం బ్లూటూత్ భాగాన్ని గొట్టం మధ్యలో దూర్చకూడదు. కార్బన్ ఫైబర్ కూడా విద్యుద్వాహకమే. దానికీ ఈ జాగ్రత్త వర్తిస్తుంది.

రెండోది భద్రత. అమెరికాలోని నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డియెగో పరిశోధకులు 2024లో షిమానో వైరులేని గేర్ల సంకేతాలను రికార్డు చేసి, సుమారు 10 మీటర్ల దూరం నుంచి తిరిగి ప్రసారం చేసి, గేరు మార్చి చూపించారు. దానికి షిమానో సాఫ్ట్‌వేర్ సవరణ తెచ్చింది. వైరు లేనివారు సర్దాల్సింది సాఫ్ట్‌వేర్‌నన్న మాట.

సర్దే క్రమం

1. వైర్లు నిర్ణీత పొడవుల్లో వస్తాయి. వాటిని కోసి అతకకూడదు. ముందు నూలుతాడుతో దారిని కొలిచి, తగిన పొడవు ఎంచుకోవాలి.

2. ఏదీ కట్టకముందే హ్యాండిల్‌ను రెండు వైపులా చివరికంటా తిప్పి, వైరు ఎక్కడా బిగుసుకోకుండా చూడాలి. ఆ పైన ఒకటి రెండు సెంటీమీటర్లు వదులు చాలు. ఎక్కువైతే వైరు వేళ్లకు, మోకాలికి తగులుతుంది.

3. కనెక్టర్‌ను తయారీదారు ఇచ్చే చిన్న పనిముట్టుతో, క్లిక్ శబ్దం వచ్చేదాకా నొక్కాలి. తీసేటప్పుడు వైరును పట్టి లాగకూడదు.

4. మిగులు వైరును బిగుతుగా చుట్టకుండా వెడల్పైన వంపుతో సర్దాలి. ప్లాస్టిక్ టైలు వైరును కదలకుండా పట్టుకుంటే చాలు, నొక్కేయకూడదు.

5. స్టెమ్ బిగింపు కింద వైరు చిక్కుకోకూడదు. రంధ్రం అంచు దగ్గర రబ్బరు తొడుగు ఉండాలి.

6. ప్రతి ప్రయాణం తర్వాత మంచినీటిలో తడిపి పిండిన గుడ్డతో చెమటను తుడిచి, ఆరనివ్వాలి. ఒత్తిడితో నీళ్లు కొట్టే గొట్టాన్ని కనెక్టర్ల వైపు పెట్టకూడదు.

చివరగా, సైకిల్‌ను స్టాండు మీద పెట్టి, హ్యాండిల్ నిటారుగా ఒకసారి, ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పి, మూడు స్థితుల్లోనూ అన్ని గేర్లూ మార్చి చూడాలి. రెండు నిమిషాల ఈ పరీక్ష, విడిభాగం కోసం పెద్ద నగరం వైపు చూసే అవస్థను తప్పిస్తుంది.

సర్దడమంటే వైరును కంటికి కనపడకుండా చేయడం కాదు. దాని మీద లాగుడు పడకుండా, నీరు నిలవకుండా, అవసరమైనప్పుడు చేతికి అందేలా ఉంచడం. మలుపులో గేరు మారితే వైరు సరిగ్గా సర్దినట్టే.