రాతి పలక, గాజు పలక

గుంటూరు నుంచి నంద్యాల పోయే రైలెక్కితే దొనకొండ దాటాక మార్కాపురం రోడ్డు, కంభం, గిద్దలూరు వరసగా వస్తాయి. ఆ పైన దిగువమెట్ట, నల్లమల అడవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. వానలు తక్కువ, రాయి ఎక్కువ అయిన ప్రాంతం ఇది. ఆ రాయే దీనికి పేరు తెచ్చింది. మీ నాన్నగారో తాతగారో 'అ ఆ'లు దిద్దుకున్న పలక మార్కాపురం పలకే అయివుండవచ్చు. ఇంటికి వెళ్ళాక అడిగి చూడండి.

ఇప్పుడు మీ చేతిలోకి వచ్చింది మరో పలక. అది గాజుది. ఇంగ్లీషులో టాబ్లెట్ అన్న మాటకు పాత అర్థం రాత రాసుకునే చిన్న పలక అనే! బడి నుంచి రాగానే మీలో కొందరు ఆ గాజు పలక మీద ఫ్రీ ఫైర్ మాక్సో, బీజీఎంఐయో, లూడోనో, క్రికెట్టో ఆడుతూ ఉంటారు. పట్నంలో ఉండే అన్నయ్యలు కంప్యూటర్ మీద ఆడే ఆటలు కొంటారు. పండగ వచ్చిందంటే "75 శాతం తగ్గింపు" అని తెర నిండా ప్రకటనలు.

ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. గాజు పలక మీద ఆట ఎలా నడుస్తుంది? నిన్న 2,000 రూపాయలన్న ఆటను ఇవాళ 500కి ఎలా ఇవ్వగలుగుతున్నారు? అసలు డబ్బే తీసుకోకుండా ఇచ్చేవాళ్ళకు గిట్టుబాటు ఎలా అవుతుంది? మూడింటికీ రాతి పలక దగ్గరే మొదలుపెడదాం.

వంద కోట్ల సంవత్సరాలకు పైగా కిందట ఈ ప్రాంతం సముద్రం కింద ఉండేది. నీటి అడుగున సన్నని బురద పొరలు పొరలుగా పేరుకున్నది. తరవాత భూమి లోపలి ఒత్తిడికీ వేడికీ అది గట్టిపడి రాయి అయింది. ఆ ఒత్తిడికి బురదలోని రేకుల్లాంటి ఖనిజాలన్నీ ఒకే దిక్కుకు తిరిగి సర్దుకున్నాయి, పేకముక్కలు దొంతి పెట్టినట్లుగా. అందుకే ఉలి మొన సరైన చోట ఆనించి కొడితే పలక రాయి పలచని రేకులుగా విడిపోతుంది. బలపం దానికన్నా మెత్తన. గీసినప్పుడు అరిగేది బలపమే గాని పలక కాదు. ఆ అరిగిన పొడే మన అక్షరం. తడిగుడ్డతో తుడిస్తే పలక మళ్ళీ కొత్తది.

పలక మీద లెక్కలే చేశామని పెద్దవాళ్ళు చెబితే నమ్మకండి! పంతులుగారు అటు తిరగ్గానే నాలుగు గీతలు గీసి సున్నాలూ ఇంటూలూ ఆడనివాళ్ళు అరుదు. తొమ్మిది గళ్ళు, ఒకరు సున్నా, ఒకరు ఇంటూ, మూడు వరసగా వస్తే గెలుపు. ఈ చిన్న ఆటను కొంచెం శ్రద్ధగా చూడండి. ఏ క్షణంలోనైనా ఒక్కొక్క గడిలో సున్నా ఉంటుంది, లేదా ఇంటూ ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది. అంటే గడికి మూడు రకాలు. తొమ్మిది గళ్ళకు మూడును తొమ్మిదిసార్లు గుణిస్తే 19,683. ఇందులో ఎనిమిది సున్నాలూ ఒక ఇంటూ లాంటి జరగని రకాలను తీసేస్తే నిజంగా ఆటలో రాగలిగేవి 5,478. పలక మీద ఏ పిల్లవాడు ఎప్పుడు ఆడినా ఆట ఈ 5,478 స్థితుల్లో ఏదో ఒకదాంట్లో ఉండవలసిందే. మీరు ఎత్తు వేయగానే ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతుంది. ఎలా మారవచ్చో చెప్పేవి నియమాలు. స్థితి, నియమం, మార్పు: ఆట అంటే ఇంతే. ఇది అర్థమైతే ఆటను యంత్రానికి నేర్పడం పెద్ద కష్టం కాదు.

సరిగ్గా ఈ ఆటనే 1952లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఎ.ఎస్.డగ్లస్ అనే ఆయన ఎడ్‌శాక్ అనే కంప్యూటర్‌కు నేర్పాడు. ఆ యంత్రం గదినిండా ఉండేది. వేల కొద్దీ వాల్వులతో పనిచేసేది. మనిషి తన ఎత్తును పాత టెలిఫోన్‌కు ఉండే తిప్పే డయలుతో చెప్పాలి. 1 నుంచి 9 వరకు అంకెలే గళ్ళ పేర్లు. యంత్రం తన ఎత్తు తానే వేసి, అడ్డంగా 35, నిలువుగా 16 చుక్కలు పట్టే చిన్న తెర మీద చూపించేది. మొత్తం 560 చుక్కలన్నమాట. తెర మీద బొమ్మతో ఆడిన తొలి ఆటల్లో ఇది ఒకటి. ఆ తరవాత 1958లో అమెరికాలో హిగిన్‌బోథామ్ చేసిన టెన్నిస్ ఆట, 1972లో డబ్బులు వేసి ఆడుకునే పాంగ్, 1984లో మాస్కోలో పజిట్నోవ్ కూర్చిన టెట్రిస్ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి.

ఇప్పటి ఫోను తెర సంగతి చూడండి. అడ్డంగా 1,080, నిలువుగా 2,400 చుక్కలు ఉన్న తెర అనుకుంటే మొత్తం 25,92,000 చుక్కలు. ఆట నడుస్తున్నంతసేపూ యంత్రం మూడే పనులు మళ్ళీ మళ్ళీ చేస్తుంది. మీ వేలు ఎక్కడున్నదో చూస్తుంది. నియమాల ప్రకారం స్థితి మారుస్తుంది. కొత్త బొమ్మ గీస్తుంది. పలకను తుడిచి గీసినట్లే, సెకండుకు 60 సార్లు! అంటే సెకండుకు పదిహేనున్నర కోట్ల చుక్కలకు రంగు వేయాలి. ఆడుతూంటే ఫోను వేడెక్కడం, బ్యాటరీ తొందరగా అయిపోవడం ఎందుకో ఇప్పుడు తెలిసిందా? మన కంటికి మాత్రం అన్ని బొమ్మలు విడివిడిగా కనిపించవు. మనిషి పరుగెత్తుతున్నట్లే ఉంటుంది.

మరి వేలు ఎక్కడున్నదో గాజుకెలా తెలుస్తుంది? గాజు కింద కంటికి కనిపించని విద్యుద్వాహక పొర గళ్ళుగళ్ళుగా పరచివుంటుంది. మన శరీరం కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక వేలు దగ్గరకు రాగానే అక్కడి ఆవేశం కొద్దిగా మారుతుంది. ఆ మార్పును బట్టి చోటు గుర్తిస్తుంది. గోటి చివరతో తాకి చూడండి, పలకదు. బలపంతో తాకినా అంతే! (ఇంట్లో వాళ్ళ ఫోను మీద బలపంతో ప్రయోగం చేసి గీతలు పడితే బాధ్యత నాది కాదు.)

పాత ఆటలన్నీ సున్నాలూ ఇంటూల్లాగా తేలికైనవని అనుకోకండి. రచ్చబండ మీద ఆడే పులి-మేక తీసుకోండి. ముగ్గురు పులులు, 15 మేకలు, గీతలు కలిసే చోట్లు 23. పులులు మూడూ దిగాక రాగలిగే అమరికలను నేను లెక్క వేసి చూశాను: 184 కోట్లకు పైగా వచ్చాయి. బండమీద సుద్దగీతలూ, చేతిలో గులకరాళ్ళూ పెట్టుకుని మన ముసలివాళ్ళు ఆడిన ఆట అది.

ఇక ధర సంగతి.

ఒక పలక తయారు కావాలంటే రాయి తవ్వాలి, చీల్చాలి, అంచులు కోయాలి, నునుపు చేయాలి, చెక్క చట్రం బిగించాలి, లారీ ఎక్కించాలి. రెండో పలకకూ ఇదంతా మళ్ళీ చేయాలి. లక్షో పలకకూ అంతే. కాబట్టి ఎంత పండగైనా పలకల వ్యాపారి ఆ ఖర్చుకు దిగువన అమ్మితే మునిగిపోతాడు. నోటు పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చి రాతి పలక వాడకం తగ్గినప్పుడు మార్కాపురం వాళ్ళు ధర తగ్గిస్తూ కూర్చోలేదు. అదే రాయిని ఇళ్ళ గోడలకూ నేలకూ కప్పులకూ పనికివచ్చే బిళ్ళలుగా కోసి విదేశాలకు కూడా పంపారు.

ఆట అట్లా కాదు. మొదటి ప్రతి తయారు కావడానికే ఖర్చంతా. రెండోది నకలు. నకలుకు రాయి అక్కరలేదు, లారీ అక్కరలేదు. స్టార్‌డ్యూ వ్యాలీ అని పొలం పనుల ఆట ఒకటి ఉన్నది. విత్తనం వేయడం, నీళ్ళు పెట్టడం, పంట అమ్ముకోవడం; అందులో బోరు ఎండిపోయే బాధ మాత్రం లేదు! ఎరిక్ బారోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని బొమ్మలూ, సంగీతమూ, ప్రోగ్రామూ అన్నీ తానే చేసి 2016లో విడుదల చేశాడు. 2024 చివరికి 4 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. నాలుగు కోట్లో ప్రతికి ఆయన మళ్ళీ నాలుగేళ్ళు కష్టపడనక్కరలేదు గదా! పడిన కష్టం మొదటి కొన్ని లక్షల ప్రతుల్లో వచ్చేసింది.

ఇప్పుడు వ్యాపారి వైపు నుంచి ఆలోచించండి. విడుదలైన రోజే కావాలనే ఆత్రగాడు 2,000 ఇస్తాడు. ఆరు నెలలు ఆగేవాడు 1,000 ఇస్తాడు. ఇంకా ఆగేవాడికి 500 అయితేనే చేయి జేబులోకి పోతుంది. నకలుకు ఖర్చు లేదు గనుక ఆ 500 కూడా లాభమే. అందుకని ధర మెట్లు మెట్లుగా దిగుతుంది. తగ్గింపు అనేది దానం కాదు. ఒక్కొక్కరి ఓపికను బట్టి ఒక్కొక్క ధర. మీకు తొందర లేకపోతే ఈ లెక్క మీకే లాభం.

ఇక్కడ ఒక చిన్న మోసం ఉన్నది, మోసం మనసుదే. "50 శాతం తగ్గింపు, దానిపైన మరో 20 శాతం" అంటే చాలామంది 70 శాతం అనుకుంటారు. 2,000లో సగం 1,000. ఆ వెయ్యిలో 20 శాతం 200. మీరు ఇచ్చేది 800. అంటే తగ్గింది 60 శాతమే. ఇంకొకటి: ఏ ధర మీద తగ్గింపు? అమ్మకం ముందు రోజు ధర పెంచి మర్నాడు తగ్గించి చూపడం పాత ఎత్తే. అందుకే ఐరోపా దేశాల్లో 2022 నుంచి, తగ్గింపు ప్రకటించేవాళ్ళు గడచిన 30 రోజుల్లోని అతి తక్కువ ధరను కూడా చూపాలని నియమం వచ్చింది. నా సంగతే చెబుతాను: ఒకసారి 2,400 రూపాయల ఆటలు మూడు 600కే వస్తున్నాయని కొన్నాను. 1,800 మిగిలాయని సంతోషించాను. అందులో రెండింటిని ఇంతవరకు తెరవనేలేదు. మిగిలినవేమీ లేవు, 600 పోయాయి.

కొన్నది మీదేనా అన్నది మరో ప్రశ్న. పలక కొంటే పగిలేదాకా మీది. 2014లో వచ్చిన ది క్రూ అనే కార్ల ఆటను డబ్బిచ్చి కొన్నవాళ్ళు, 2024 మార్చి 31న కంపెనీ తన సర్వర్లు ఆపివేయగానే ఇక ఆడలేకపోయారు. వాళ్ళు కొన్నది ఆటను కాదు, ఆడుకునే అనుమతిని. మన దేశంలోనూ 2020 సెప్టెంబరులో పబ్జీ మొబైల్‌నూ, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌నూ ప్రభుత్వం నిషేధించినప్పుడు వాటిలో డబ్బు పెట్టి దుస్తులూ తుపాకీ రంగులూ కొన్న పిల్లలు ఎంతమందో!

దుస్తులు అన్నాను గదా, మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉన్నది. ఉచిత ఆటలో అమ్మేది ఆటను కాదు, ఆటలోని వస్తువులను. వాటిని రూపాయల్లో అమ్మరు. ముందు వజ్రాలో నాణేలో కొనిపిస్తారు. 80 రూపాయలకు 100 వజ్రాలు ఇచ్చి, దుస్తు ధర 130 వజ్రాలు అన్నారనుకోండి. రెండు కట్టలు కొనాలి, 70 మిగులుతాయి. ఆ 70 ఊరికే పోతాయే అని మూడో కట్ట కొంటారు. ఇంతలో దుస్తు ఖరీదు ఎన్ని రూపాయలన్నది మనసులోంచి జారిపోయింది.

దీన్ని మించినది అదృష్టపు పెట్టె. తెరిస్తే ఏమొస్తుందో తెలియదు. మేలైన వస్తువు వచ్చే అవకాశం నూటికి ఒకటి అనుకుందాం. "అయితే నూరు తెరిస్తే ఒకటి తప్పకుండా వస్తుంది" అంటారా? రాదు. ఒకసారి రాకపోయే అవకాశం 0.99. నూరుసార్లూ రాకపోయే అవకాశం 0.99ను నూరుసార్లు గుణించినంత, అంటే సుమారు 0.37. నూరేసి పెట్టెలు తెరిచిన నూరుమందిలో సుమారు 37 మంది ఉత్త చేతులతోనే మిగులుతారు. పైగా పెట్టెకు జ్ఞాపకం లేదు: తొంభైతొమ్మిదిసార్లు రాలేదని నూరోసారికి అవకాశం పెరగదు.

రానప్పుడు మానేయవచ్చు గదా? మానలేరు. స్కిన్నర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో చేసిన ప్రయోగాల్లో దీని కిటుకు బయటపడింది. ఇన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందని లెక్క ఉంటే పావురం గింజ తిని కాసేపు ఆగుతుంది. ఎన్నోసారికి వస్తుందో తెలియనప్పుడు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. 2018లో బెల్జియం దేశపు అధికారులు ఇలాంటి పెట్టెలను జూదంగా లెక్కగట్టారు. మన పార్లమెంటు 2025 ఆగస్టులో డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది.

నా మాట నమ్మనక్కరలేదు, మీ తరగతిలోనే చేసి చూడండి. పది చింతపిక్కలు ఏరి ఒకదానికి సిరాతో చుక్క పెట్టండి. పదీ ఒక గుడ్డసంచిలో వేయండి. సిరా బాగా ఆరాలి సుమా, లేకపోతే వేలికి అంటి గుర్తు పట్టేస్తారు. ఒక్కొక్కరు చూడకుండా ఒక పిక్క తీయాలి, చూసి మళ్ళీ లోపల వేయాలి, సంచి కుదపాలి. ఇట్లా మనిషికి పదిసార్లు. చుక్క పిక్క ఒక్కసారి కూడా రానివాళ్ళ పేర్లు పలక మీద రాయండి. 30 మంది ఉంటే ఎంతమంది పేర్లు ఎక్కుతాయో తీయకముందే అందరిచేతా ఊహ చెప్పించి పక్కన వేసుకోండి. లెక్క ప్రకారం పదిమంది దాకా ఉండాలి. ఏడు రావచ్చు, పదమూడు రావచ్చు. ఎవరి పేర్లు ఎక్కాయో వాళ్ళను "ఇంకొక్కసారి తీస్తావా?" అని అడిగి, వాళ్ళ ముఖాలు కూడా చూడండి.