ముప్ఫై నాలుగేళ్లకు ఎంబీబీఎస్ సాధ్యమేనా?

ప్రశ్న: నా వయసు 34. ఇంటర్లో బైపీసీ చదివి, నర్సుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు నీట్ రాయవచ్చా?

జవాబు: నిస్సందేహంగా రాయవచ్చమ్మా. ఒకప్పుడు జనరల్ అభ్యర్థులకు 25, రిజర్వుడు వర్గాలకు 30 ఏళ్ల పరిమితి ఉండేది. జాతీయ వైద్య కమిషన్ నిర్ణయంతో 2022 నుంచి అది లేదు. అంతకుముందే, కోర్టు ఇచ్చిన వెసులుబాటుతో, 2020లో ఒడిశాలో 64 ఏళ్ల విశ్రాంత బ్యాంకు ఉద్యోగి బుర్లా ప్రభుత్వ వైద్య కళాశాలలో చేరారు. అసలు అడ్డంకి ఫిజిక్స్. 720 మార్కుల్లో సగం జీవశాస్త్రానివే. అక్కడ మీ వార్డు అనుభవం కొంత అక్కరకొస్తుంది. గతిశాస్త్రం లెక్కలకు మాత్రం అది పనికిరాదు. అందుకే ముందుగా పాత ప్రశ్నపత్రం ఒకటి గడియారం పెట్టుకుని రాయండి. ఫిజిక్స్‌లో వచ్చిన మార్కులే మీకెంత సమయం కావాలో చెబుతాయి.

ఈ వయసులో చేరితే ఓ కుర్రాడి సీటు పోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను, సీటు ర్యాంకుకు దక్కేది. పైగా వచ్చే ఏడాది చేరినా, నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ కలిపి నలభై ఒకటికల్లా డాక్టరవుతారు. మూడేళ్ల పీజీ చేసినా రెండు దశాబ్దాల వైద్యం మిగిలే ఉంటుంది. డబ్బు సంగతి అంత తేలిక కాదు. ఐదున్నరేళ్లు జీతం ఆగిపోతుంది, ఇంటర్న్‌షిప్‌లో వచ్చేది స్టైపెండే. కాబట్టి కన్వీనర్ కోటా సీటు వస్తేనే చేరండి. యాజమాన్య కోటా కోసం ఇల్లు తాకట్టు పెట్టకండి.