ఎండ వేరు, ఉక్కపోత వేరు



ఏటా వేసవి మొదట్లో సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. "అనంతపురం, కర్నూలు వైపు 42, 43 డిగ్రీల ఎండ కాస్తాది. మన తీరంలో 35, 36 దాటడమే తక్కువ. మరి మన గేదెలు పాలెందుకు తగ్గించేస్తున్నాయి బాబూ?" అని.

దీనికి జవాబు మన ఇంటి మంచినీళ్ళ కుండలో ఉన్నది. పడమటి గాలి వీచిన రోజున కుండలో నీరు జిల్లుమంటుంది. సముద్రపు గాలి తిరిగి ఒళ్ళంతా జిడ్డుగా ఉన్న రోజున అదే కుండ, అదే నీరు, అంత చల్లబడదు. కుండకు పట్టిన చెమ్మ ఆరిపోతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. గాలి ముందే తేమతో నిండి ఉంటే చెమ్మ ఆరదు, వేడి పోదు. పశువు శరీరం కూడా ఇదే విధంగా చల్లబడుతుంది.

శాస్త్రజ్ఞులు వేడిమిని, గాలిలోని తేమను కలిపి ఒక సూచిక లెక్క కడతారు. అది 72 దాటితే ఎక్కువ పాలిచ్చే సంకరజాతి ఆవుకు ఇబ్బంది మొదలైనట్లే. 38 డిగ్రీల ఎండ కాసి గాలిలో తేమ 20 శాతమే ఉన్న రోజున ఆ సూచిక సుమారు 82 వస్తుంది. కేవలం 30 డిగ్రీలే ఉండి తేమ 80 శాతం ఉన్న రోజున సుమారు 83 వస్తుంది. అనగా మబ్బు పట్టిన మన ఆషాఢపు రోజు పశువుకు మెట్ట జిల్లా ఎండకు ఏమాత్రం తీసిపోదు. పైగా అక్కడ రాత్రికి గాలి చల్లబడి పశువు తేరుకుంటుంది. మన తీరంలో వేసవి రాత్రులు కూడా ఉక్కే.

గేదెకు ఈ బాధ మరీ ఎక్కువ. నల్లని తోలు ఎండను పీల్చుకుంటుంది. చెమట గ్రంథులు ఆవుకు ఉన్నన్ని ఉండవు. అందుకే చెరువు గాని గెడ్డ గాని కనబడితే దిగిపోతుంది. మళ్ళీ లేవదని కర్ర పట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఇక్కడ మన ప్రాంతంలోనే రెండు రకాల వాతావరణం ఉన్నదని సభ్యులు గ్రహించవలెను. 2022లో మన్యం జిల్లాలోకి వెళ్ళిన పార్వతీపురం, సాలూరు, పాలకొండ వైపు వేసవి మధ్యాహ్నం పొడి ఎండ. అక్కడ పశువు మీద నీళ్ళు పోస్తే వెంటనే ఆరి చల్లదనం ఇస్తుంది. సోంపేట, మందస, గార, రణస్థలం, పూసపాటిరేగ, భోగాపురం వంటి తీర మండలాలలో నీళ్ళు పోసినంత మాత్రాన చాలదు, గాలి ఆడవలెను. నాలుగు వైపులా గోడలున్న సాలలో మధ్యాహ్నం బిందెలకొద్దీ నీళ్ళు కుమ్మరిస్తే, పశువును ఇడ్లీ పాత్రలో పెట్టి మూత వేసినట్లే. తడకలు ఎత్తివేయండి. వీలైతే వేప, చింత, కానుగ చెట్టు కింద కట్టి, అక్కడ తడపండి. ఫంకా ఉన్నవారు ముందు తడిపి తరువాత ఫంకా వేయవలెను. రేకుల సాల అయితే పైన తాటాకు గాని వరిగడ్డి గాని పరవండి.

మేత వేళలు కూడా మార్చుకోవలెను. ఎండుగడ్డి అరుగుతున్నప్పుడు కడుపులో వేడి పుడుతుంది. కావున దానిని రాత్రి వేసి, పచ్చిమేత, దాణా తెల్లవారుజామున, చల్లబడ్డాక పెట్టండి. పాలిచ్చే పశువుకు వేసవిలో రోజుకు 60 లీటర్ల నీరు అందేటట్లు చూడండి. కుడితితో సరిపెట్టరాదు.

వేసవిలో గేదె ఎదకు వచ్చినా అరవదు. దీనినే మూగ ఎద అంటారు. ఆ లక్షణాలు రాత్రి పొద్దుపోయాక, తెల్లవారకముందు కనబడతాయి కనుక ఆ వేళ లాంతరో టార్చిలైటో పట్టుకుని ఒకసారి సాలలోకి వెళ్ళి రావలెను. పొద్దున్న ఎద కనబడితే సాయంత్రం సూది చేయించండి.

ఇక వానాకాలం. కొన్నేళ్ళ క్రితం శ్రావణ మాసంలో ముసురు పట్టినప్పుడు ఒక సంఘం పాలు వరుసగా మూడు రోజులు విరిగిపోయి వాపసు వచ్చినవి. సభ్యులు కార్యదర్శిని నిలదీశారు. రోజూ రెండు లీటర్ల పాలు పోసి కిరాణా బాకీ తీర్చుకునే ఒక సభ్యురాలు, "మూడు దినాల డబ్బు ఎవులిస్తారు?" అని నన్ను అడిగినది. నేనూ మొదట కార్యదర్శినే అనుమానించాను. లాక్టోమీటరు పెట్టి చూస్తే తేడా లేదు. మర్నాడు తెల్లవారుజామున ఖాళీ క్యానులు మూత తీయించి వాసన చూశాను. పులిసిన కంపు. ఎండ లేక ఆరకపోవడంతో, కడిగిన క్యానులను తడి మీదే మూత బిగించి గదిలో పెడుతున్నారు. అంతే జరిగినది.

పాలు పొదుగు నుంచి సుమారు 38 డిగ్రీల వేడితో వస్తాయి. ఆ వెచ్చదనంలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపవుతాయి. తాజా పాలకు సొంత నిరోధక శక్తి కొంత ఉన్నా, మన ఉక్కలో అది రెండు మూడు గంటలకు మించి నిలవదు. క్యానులోనే పాత పులుపు ఉంటే ఆ వ్యవధి కూడా దక్కదు. చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో తోమించి, మరిగిన నీళ్ళతో తొలిపించి, చెక్క బల్ల మీద బోర్లించి, మూతలు విడిగా పెట్టించాము. ఆ మర్నాటి నుంచి పాలు నిలిచినవి. కార్యదర్శికి నేను క్షమాపణ చెప్పుకున్నాను. సభ్యులు మాత్రం చెప్పినట్లు లేదు.

ఇంటివద్ద కూడా పాలు పితికిన గిన్నెను చల్లని నీళ్ళ తొట్టిలో నిలబెట్టి, ఆలస్యం చేయక కేంద్రానికి తేవలెను. గురకవ్యాధి, జబ్బవాపు టీకాలు వానలు పడకముందే, మే నెలలోనే వేయించుకోవలెను. వేరుశనగ చెక్క తడిసి బూజు పట్టితే దాని విషం పాలలోకి కూడా దిగుతుంది. అట్టిది పారవేయక తప్పదు.

చివరగా తుఫానుల సంగతి. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అదే తేదీన, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటినవి. మూడూ ఒకే వారం. మన గేదెలు ఎక్కువగా ఈని పాలు పెరిగేదీ ఆ కాలంలోనే. తిత్లీ వేళ ఉద్దానంలో కొబ్బరి తోటలతోపాటు కరెంటు స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేకపోతే శీతలీకరణ యంత్రం ఉత్త తొట్టి. కావున పాలక వర్గాలు సెప్టెంబరు నెలలోనే జనరేటరు నడిపించి చూసి, డీజిలు నిల్వ పెట్టుకుని, ఆ సంగతి మినిట్సు పుస్తకంలో రాయించవలెను. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి సభ్యులు పశువులను మెరక మీదికి తోలి పలుపులు విప్పివేయండి. కట్టి ఉన్న పశువు వరద నుంచి గాని, కూలే గోడ నుంచి గాని తప్పించుకోలేదు. దూడలను కూడా విప్పడం మరువకండి.