‘ఫ్రీ లైన్’లో ఫ్రీ ఎంత? ఈ నెల పిల్లలతో కూర్చుని వేయాల్సిన ఇంటి లెక్క



ఉప్పల్ మెట్రో స్టేషన్ మెట్లు దిగేటప్పుడో, నాచారం మెయిన్ రోడ్డులో కూరగాయలు కొనేటప్పుడో మీకు రంగుల గొడుగు కింద బల్ల వేసుకున్న సిమ్ కార్డుల కుర్రవాళ్లు కనిపించే ఉంటారు. “సార్, సిమ్ ఫ్రీ. మేడమ్, మా నెట్‌వర్క్‌కి మారితే ఇంట్లో మిగతా వాళ్ల లైన్లు కూడా ఫ్రీ” అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, అలాగని పూర్తి లెక్కా కాదు. ఎనిమిదో తరగతిలో శాతాలు, జీఎస్టీ నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో ఆ లెక్కను పూర్తి చేయడానికి ఒక ఆదివారం సాయంత్రం చాలు. పాఠ్యపుస్తకంలోని మిక్సీ ధర కంటే సొంత ఇంటి ఫోన్ బిల్లు మీద వేసిన లెక్క వాళ్లకు బాగా గుర్తుంటుంది.

ముందుగా ఒక పాత సంగతి. 2016 సెప్టెంబర్ 5న జియో మొదలైనప్పుడు సిమ్‌ల కోసం కట్టిన క్యూలు మనలో చాలామందికి గుర్తే. డిసెంబర్ 31 వరకు అంతా ఉచితం అన్నారు, తర్వాత దాన్ని 2017 మార్చి 31 దాకా పొడిగించారు. ఏప్రిల్ వచ్చేసరికి 99 రూపాయల సభ్యత్వం, దాని మీద రీచార్జ్ మొదలయ్యాయి. ఆ ఆరు నెలలకు పైగా కాలంలో నిజంగా లాభపడ్డ కుటుంబాలు కోట్లలో ఉంటాయి. మొన్న 2025 ఆగస్టులో బీఎస్‌ఎన్‌ఎల్ ఒక్క రూపాయికే 30 రోజుల పాటు రోజుకు 2 జీబీ ఇచ్చింది. ఇలాంటివి వచ్చినప్పుడు వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఆఫర్ ఏ తేదీన అయిపోతుంది, ఆ మర్నాటి నుంచి నెలకు ఎంత అవుతుంది అనే రెండు ప్రశ్నలు అడిగి, జవాబులు క్యాలెండర్ మీద రాసుకోవాలి.

ఇక కుటుంబ పోస్ట్‌పెయిడ్ ప్లాన్లు. గొడుగు కింద ఎక్కువగా వినిపించే ‘ఫ్రీ లైన్’ ఇదే. 2024 జూలై 3న ధరలు పెరిగినప్పటి అంకెలతో చూద్దాం. మీరు చదివేనాటికి ధర మారి ఉంటే కొత్త అంకె వేసుకోండి, పద్ధతి అదే.

ఎయిర్‌టెల్‌లో నాలుగు కనెక్షన్ల కుటుంబ ప్లాన్ 1,199 రూపాయలు. ఒకటి ప్రధాన లైను, మూడు ‘ఫ్రీ’. అమ్మే అబ్బాయి ఇలా చెబుతాడు: “ఇప్పుడు ఒక్కొక్కరు 349 వేయిస్తున్నారు కదా, నలుగురికి 1,396. మా ప్లాన్ 1,199. నెలకు 197 మిగులు.” ఇక్కడ ఆపి, పెన్సిల్ మీ అబ్బాయికో అమ్మాయికో ఇవ్వండి. ఈ లెక్కలో రెండు తప్పులున్నాయి, అవి ఏమిటో వాళ్లనే పట్టుకోమనండి.

మొదటిది జీఎస్టీ. ప్రీపెయిడ్ రీచార్జ్ ధరలో పన్ను కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ ధర మీద 18 శాతం విడిగా పడుతుంది. కాబట్టి 1,199 కాస్తా 1,414 రూపాయల 82 పైసలు అవుతుంది. రెండో తప్పు అమ్మేవాడికే నష్టం చేసేది. 349 రీచార్జ్ నెలకు కాదు, 28 రోజులకు. 30 రోజులకు సరిచేస్తే ఒక్కొక్కరికి దాదాపు 374, నలుగురికి 1,496 రూపాయలు. రెండూ సరిచేశాక అసలు మిగులు 81 రూపాయలు. 197 అన్నది 81కి దిగింది.

కానీ అసలు విషయం ఇంకా ముందుంది. 28 రోజుల రీచార్జ్‌తో పోల్చడమే మనం చేసే పెద్ద పొరపాటు. అదే కంపెనీలో, అదే రోజుకు 1.5 జీబీ, 84 రోజులకు 859 రూపాయలు. 28 రోజులవి పన్నెండు సార్లు వేయిస్తే 336 రోజులు, 84 రోజులవి నాలుగు సార్లు వేయించినా అవే 336 రోజులు. మొదటి దారిలో 4,188, రెండో దారిలో 3,436. ఒక్క ఫోన్ మీద 752 రూపాయల తేడా. ఏ కంపెనీ మారకుండా, ఏ గొడుగు కిందా నిలబడకుండా వచ్చే డబ్బు ఇది. కసాగు, గసాభా నేర్చుకున్న ఆరో తరగతి పిల్లలకు 28, 84, 336 మధ్య సంబంధం చూపించండి, సరదా పడతారు.

ఇప్పుడు నానమ్మ ఫోన్. మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇంటర్నెట్ ఎందుకు? ఊళ్లో చెల్లెలితో మాట్లాడాలి, ఆసుపత్రి మెసేజ్ రావాలి. 2024 డిసెంబర్‌లో ట్రాయ్ ప్రతి కంపెనీ డేటా లేకుండా కాల్స్, ఎస్‌ఎంఎస్‌లకు మాత్రమే రీచార్జ్ ఇవ్వాలని నిబంధన తెచ్చింది. అలా 2025 జనవరిలో వచ్చినవే ఎయిర్‌టెల్ 469, జియో 448 రీచార్జ్‌లు. రెండూ 84 రోజులకే. నెలకు 160 నుంచి 168 రూపాయల మధ్య పడుతుంది. మీకు ఇవి కౌంటర్‌లో ఎవరూ చూపించరు, అడిగితేనే చెబుతారు.

అమ్మ, నాన్న, ఇంటర్ చదివే పెద్దబ్బాయి 84 రోజుల రీచార్జ్ మీద, నానమ్మ కాల్స్ రీచార్జ్ మీద ఉన్నారనుకోండి. ఎయిర్‌టెల్‌లో 30 రోజులకు మొత్తం 1,088 రూపాయలు. ‘మూడు లైన్లు ఫ్రీ’ ప్లాన్‌లో 1,414. ఏడాదికి దాదాపు 3,900 రూపాయలు ఎక్కువ కట్టి ఫ్రీ లైన్లు తీసుకున్నట్టు. జియోలో పద్ధతి వేరు. అక్కడ అదనపు లైను ఫ్రీ అనరు. 449 ప్లాన్ మీద ఒక్కో అదనపు సిమ్‌కు 150. నలుగురికి 899, జీఎస్టీతో 1,060 రూపాయల 82 పైసలు. అదే కుటుంబం జియో ప్రీపెయిడ్‌లో 799, 448 రీచార్జ్‌లతో ఉంటే 1,016. తేడా 45 రూపాయలే. ఫ్రీ అన్న మాట ఉన్న చోట ఎక్కువ ఖర్చు, లేని చోట తక్కువ ఖర్చు! ఇది కంపెనీల మీద తీర్పు కాదు. పోస్ట్‌పెయిడ్‌లో వచ్చే ఓటీటీ చందాలు మీరు ఇప్పటికే విడిగా కొంటుంటే లెక్క తిరగబడవచ్చు. ఆ డబ్బు కూడా కాగితం మీద వేయండి. కొననివాళ్లు మాత్రం వాటికి సున్నా విలువ వేసుకోవాలి.

నా ఉద్దేశంలో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న కుటుంబాలకు ఫ్రీ లైన్ల అవసరం తక్కువ. హబ్సిగూడ, రామంతాపూర్, మల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో వైఫై లేని ఇల్లు అరుదు. ఇంట్లో ఉన్నంతసేపు ఫోన్ డేటా ముట్టుకోం. రోజూ బయట తిరిగే ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లున్న ఇల్లు, రీచార్జ్ తేదీలు గుర్తుపెట్టుకోలేని ఇల్లు అయితే ఒకే బిల్లు హాయి. ఆ హాయికీ ఒక ధర ఉంటుంది, అది ఎంతో తెలిసి కట్టడం మేలు. అమెరికాలో ఉన్న మన బంధువులు టీ-మొబైల్ ఫ్రీ లైన్ల గురించి చెబుతుంటారు కదా. అక్కడ కూడా ఉచితం నెలనెలా బిల్లులో తగ్గింపుగా వస్తుంది, డబ్బు కట్టే లైన్ ఒకటి తీసేస్తే ఫ్రీ లైన్ తగ్గింపు కూడా పోవచ్చు.

నంబర్ అలాగే ఉంచుకుని కంపెనీ మారాలంటే 1900కు పోర్ట్ అని మెసేజ్ పంపి కోడ్ తెచ్చుకోవాలి. ప్రస్తుత కంపెనీలో 90 రోజులు పూర్తయి ఉండాలి, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉండకూడదు. పాత ప్రీపెయిడ్‌లో మిగిలిన రోజులు మీతో రావు. కాబట్టి 84 రోజుల రీచార్జ్ వేయించిన వారంలోనే మారకండి.

డబ్బు కంటే పెద్ద సంగతి ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంటుందన్నది. 18 ఏళ్లు నిండని వారికి సిమ్ ఇవ్వకూడదన్నది నిబంధన. మీ పాప స్మార్ట్ వాచ్‌లో వేసే ఫ్రీ సిమ్ కూడా మీ పేరు మీదే ఉంటుంది, దానితో ఏం జరిగినా పోలీసులు ముందు అడిగేది మిమ్మల్నే. ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్‌లకు మించకూడదు. గొడుగు కింద జరిగే మోసం చాలా మామూలుగా ఉంటుంది. “ఫోటో సరిగా రాలేదు సార్, ఇంకోసారి” అంటారు. రెండోసారి పెట్టిన వేలిముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ పుడుతుంది, అది ఎవరి చేతికి పోతుందో మీకు తెలియదు. 2023 ఆగస్టులో విజయవాడలో ఒకే ఫోటో మీద 658 సిమ్‌లు జారీ అయినట్టు బయటపడింది. అందుకే ఫ్రీ సిమ్ అయినా కంపెనీ స్టోర్‌లోనే తీసుకోండి. రెండోసారి వేలిముద్ర అడిగితే, మొదటిది ఎందుకు పనికిరాలేదో ఫోన్ తెర మీద చూపించమనండి.

మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో చూసుకోవడానికి టెలికాం శాఖ పెట్టిన ఏర్పాటు 2021 ఏప్రిల్‌లో మొదలైంది మన తెలుగు రాష్ట్రాల్లోనే. ఇప్పుడది సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో ఉంది. మీ నంబర్, ఓటీపీ ఇస్తే జాబితా వస్తుంది. తెలియని నంబర్ ఉంటే ‘నాది కాదు’ అని, మీదే అయినా వాడనిది ఉంటే ‘అవసరం లేదు’ అని నొక్కితే చాలు. ఐదు నిమిషాల పని. ఇంట్లో పెద్దవాళ్ల నంబర్లకు కూడా చేయండి, ఎందుకంటే బల్ల దగ్గర “ఇంకోసారి” అనగానే వేలు పెట్టేది వాళ్లే.

చివరగా మన బడికి నేరుగా తగిలే మాట. ఆఫర్ కోసం తీసుకున్న నంబర్‌ను అడ్మిషన్ ఫారంలోనో, బస్ యాప్‌లోనో ఇచ్చి, ఆఫర్ అయిపోగానే ఆ సిమ్‌ను డ్రాయర్‌లో పడేస్తుంటారు. 90 రోజులు ఏ వాడకమూ లేని, బ్యాలెన్స్ 20 రూపాయల కంటే తక్కువ ఉన్న ప్రీపెయిడ్ నంబర్‌ను కంపెనీ రద్దు చేయవచ్చు. రద్దయిన మరో 90 రోజుల తర్వాత అది కొత్త మనిషికి వెళ్లవచ్చు. అప్పుడు మీ పిల్లల బస్సు ఏ స్టాప్‌లో ఉందో చెప్పే మెసేజ్ ముక్కూ మొహం తెలియని వాళ్లకు పోతుంది, బ్యాంకు ఓటీపీల సంగతి సరేసరి. జేఈఈ మెయిన్, టీజీ ఎప్‌సెట్ రాసే పెద్ద పిల్లలకైతే దరఖాస్తులో ఇచ్చిన నంబర్ కౌన్సెలింగ్ ముగిసేదాకా పనిచేయాలి. ఫ్రీ నంబర్‌ను కాల్స్‌కు, డేటాకు వాడుకోండి. బడికి, బ్యాంకుకు, ఆధార్‌కు మాత్రం పాత నంబర్ ఒక్కటే ఇచ్చి, దాన్ని చిన్న రీచార్జ్‌తోనైనా బతికించి ఉంచండి.

ఈ విద్యా సంవత్సరంలో నంబర్ మార్చినవారు పాత, కొత్త నంబర్లు రెండూ ఒక కాగితం మీద రాసి, సంతకం చేసి, పిల్లల డైరీలో పెట్టి ఆఫీసుకు పంపండి. బస్సులో వచ్చే పిల్లల తల్లిదండ్రులు రూట్ ఇన్‌చార్జ్‌కు కూడా విడిగా చెప్పగలరు.