వీపు మొటిమలు – ఔషధ స్నానద్రవాల ఎంపిక

యౌవనం మనిషికి బలాన్నీ ఉత్సాహాన్నీ ఇస్తుంది. వాటితోపాటు మొటిమలనూ తెస్తుంది. ముఖం మీది మొటిమలను గురించి అందరూ మాట్లాడుకుంటారు. వీపు, ఛాతీ, భుజాల మీద వచ్చేవాటిని మాత్రం చొక్కా మాటున దాచుకుంటారు. ఈ సంకోచంవల్ల ఆటస్థలానికి దూరమయ్యే విద్యార్థులు లేకపోలేదు. అశ్రద్ధ చేసిన మొటిమ మానిపోయినా, దాని మచ్చ నిలిచిపోవచ్చు. కనుక ఈ విషయాన్ని సంకోచం లేకుండా తెలుసుకోవడం మంచిది.

కారణం: చర్మంలోని రోమకూపాలను ఆనుకొని తైలగ్రంథులు ఉంటాయి. యౌవనారంభంలో హార్మోనుల ప్రభావంవల్ల అవి అధికంగా జిడ్డును స్రవిస్తాయి. ఆ జిడ్డు, మృతకణాలు కలిసి రోమకూపాన్ని పూడ్చివేస్తాయి. లోపల సూక్ష్మజీవులు వృద్ధిచెంది, వాపు, చీము ఏర్పడతాయి. అంటే మొటిమకు మూలం మురికి కాదు. పీచుతో గట్టిగా రుద్దితే అది పోదు సరికదా, మరింత రేగుతుంది.

ఎంపిక: బాడీ వాష్ కొనేటప్పుడు సువాసననూ, ప్రకటననూ చూసి మోసపోరాదు. సీసా మీద ఔషధం పేరు, దాని శాతం చదవాలి. ముఖ్యమైనవి రెండు. ఎర్రగా వాచి, చీము పట్టిన మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ తగినది. ఇది సూక్ష్మజీవులను చంపుతుంది. యాంటీబయాటిక్కులవలె దీనికి అవి అలవాటుపడి లొంగకుండా పోవు. ఇది 2.5 నుండి 10 శాతం వరకు లభిస్తుంది. తక్కువ శాతంతో ప్రారంభించడం క్షేమం. నల్లని చుక్కలవలె కనిపించే పూడికలకు 2 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉపకరిస్తుంది. "క్రిములను చంపును" అని వ్రాసి ఉన్న ప్రతి సబ్బూ మొటిమల మందు కాదు.

వాడే విధానం: తడి చర్మానికి పూసి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడగాలి. పూసిన వెంటనే కడిగితే మందు పనిచేయడానికి వ్యవధి ఉండదు. మొదట దినం విడిచి దినం వాడాలి. చర్మం పొడిబారితే ఇంకా తగ్గించాలి. బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలిన రంగు బట్టలు వెలిసిపోతాయి. కనుక తెల్లని తువాలు వాడుకోవాలి. తలనూనె వీపు మీదికి జారనీయరాదు. చెమటతో తడిసిన చొక్కాను వెంటనే మార్చాలి. ఫలితం కనిపించడానికి ఆరు నుండి పన్నెండు వారాలు పడుతుంది. నాలుగు రోజులకే నిరాశపడి సీసాలు మార్చడం డబ్బు దండుగ.

హెచ్చరిక: ఒకే పరిమాణంలో, విపరీతమైన దురదతో వచ్చే పొక్కులు శిలీంధ్రంవల్ల కలిగినవి కావచ్చు, వాటికి మందు వేరు. దుకాణదారు ఇచ్చే స్టెరాయిడ్ లేపనాలు తామే మొటిమలను పుట్టించగలవు. లోతైన గడ్డలు, మచ్చలు కనబడితే, లేదా పన్నెండు వారాలకూ గుణం లేకపోతే, చర్మవైద్యుని సంప్రదించాలి. గర్భిణులు ముందుగానే వైద్యుని అడగాలి.

విద్యార్థులారా! మొటిమ సిగ్గుపడవలసిన దోషం కాదు, చికిత్సకు లొంగే వ్యాధి. పాఠ్యపుస్తకాన్ని చదివే శ్రద్ధతోనే మందు సీసా మీది అక్షరాలనూ చదవండి.