దరఖాస్తులో దాగిన భూతకాలం

ఉపకార వేతనం కోసం మనమంతా ఏటా దరఖాస్తు రాస్తాం. ఆ మాట ఫార్సీ నుంచి వచ్చింది. అందులో ఒక క్రియ భూతకాల రూపం ఉందంటే చాలామంది నమ్మరు. అది తెలియాలంటే ముందు ఫార్సీలో భూతకాలం ఎలా ఏర్పడుతుందో చూడాలి. ఉచ్చారణ ఇరాన్‌వారిది ఇస్తున్నాను.

ఫార్సీలో 'వెళ్ళడం', 'చూడడం' వంటి మూలరూపాలు 'దన్' అని గాని 'తన్' అని గాని ముగుస్తాయి. చివరి 'అన్' తీసేస్తే మిగిలేదే భూతకాల ధాతువు. రఫ్తన్ అంటే వెళ్ళడం. 'అన్' తీస్తే రఫ్త్. దానికి ప్రత్యయాలు చేర్చాలి:

రఫ్తమ్ – వెళ్ళాను
రఫ్తీ – వెళ్ళావు
రఫ్త్ – వెళ్ళాడు, వెళ్ళింది
రఫ్తీమ్ – వెళ్ళాం
రఫ్తీద్ – మీరు వెళ్ళారు
రఫ్తంద్ – వాళ్ళు వెళ్ళారు

మన భాషలో లాగానే 'నేను', 'మేము' అని విడిగా చెప్పకపోయినా అర్థమవుతుంది. మూడో రూపాన్ని గమనించండి. దానికి ప్రత్యయమే లేదు. వెళ్ళింది అన్నయ్యా, అక్కయ్యా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవలసిందే. ఫార్సీలో లింగభేదం లేదు. మహత్తు, అమహత్తు అంటూ వ్యాకరణం పీరియడ్‌లో మనం పడే తిప్పలు ఆ పిల్లలకు లేవు!

'కాదు' అనాలంటే ముందు 'న' చేరుస్తారు: నరఫ్తమ్, నరఫ్తీ. తెలుగులో 'వెళ్ళలేదు' అంటే ఎవరు వెళ్ళలేదో వేరే చెప్పాలి. ఫార్సీలో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోతుంది. ఇక్కడ మాత్రం వాళ్ళదే పైచేయి అనిపిస్తుంది. ధాతువు 'ఆ'తో మొదలైతే మధ్యలో 'య' వస్తుంది: ఆమద్ (వచ్చాడు), నయామద్ (రాలేదు). 'న'కు బదులు 'మీ' చేరిస్తే అలవాటుగా జరిగిన పని: మీరఫ్తమ్, అంటే వెళ్ళేవాణ్ణి, వెళ్ళేదాన్ని.

అసలు కష్టం వర్తమానంలో ఉంది. చూడడం దీదన్, చూశాను దీదమ్. చూస్తున్నాను అనాలంటే మాత్రం మీబీనమ్! ధాతువే మారిపోయింది. కాబట్టి కొత్తగా నేర్చుకునేవారు భూతకాలంతో మొదలుపెట్టడమే మేలు.

ఇప్పుడు మన దరఖాస్తు దగ్గరకు వద్దాం. దర్‌ఖాస్తన్ అంటే కోరడం. 'అన్' తీసేయండి: దర్‌ఖాస్త్, అంటే కోరాడు, కోరింది. అదే నామవాచకంగా 'కోరిక' అని కూడా వాడతారు. ఖరీదన్ అంటే కొనడం, దానినుంచి ఖరీద్. మనం దాన్ని 'ధర' అనే అర్థంలో 'ఖరీదు' చేసుకున్నాం. బందోబస్తులోని 'బస్త్' కట్టడం అనే అర్థం గల బస్తన్ ధాతువే. ధాతువు చివర 'ఎ' చేరిస్తే 'చేయబడిన' అనే అర్థం వస్తుంది. గొమాష్తన్ అంటే నియమించడం, గొమాష్తె అంటే నియమించబడినవాడు. ఆయనే మన గుమాస్తా. నిజాం రాజ్యంలో 1880లలో ఉర్దూ వచ్చేదాకా ఫార్సీయే కచేరీ భాష. ఇలాంటి మాటలు కాగితాల్లో అంతగా పాతుకుపోవడానికి అదొక కారణం.

చివరగా చిన్న అభ్యాసం. నెవెశ్తన్ అంటే రాయడం. 'మేము రాశాం', 'వాళ్ళు రాయలేదు' ఫార్సీలో చెప్పండి. (జవాబులు: నెవెశ్తీమ్, ననెవెశ్తంద్.)