బిల్టీ చేతికొచ్చేలోగా

చిరంజీవి అల్లుడికి,

సిగరెట్ మానేసి మూడు వారాలు దాటిందనీ, గోడౌన్ మెట్లు ఎక్కితే ఇదివరకటి ఆయాసం లేదనీ రాశావు. చదివి చాలా సంతోషించాను. కానీ ఉత్తరం చివర నువ్వు అడిగిన మాట దగ్గర ఆగిపోయాను. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు బిల్టీ (సరుకు రసీదు) కోసం నిలబడితే మొదటి రోజు కంటే గట్టిగా మనసు గుంజిందట. మానినట్టా కానట్టా, బతుకంతా ఇంతేనా అని అడిగావు. ఇంతే కాదు బిడ్డా. ఎందుకు కాదో చెప్తాను, తీరికగా చదువు.

పొగ లోపలికి పీల్చిన పది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటలకోసారి సగానికి పడిపోతుంది. అలవాటైన వాడి చెయ్యి గంటకో రెండు గంటలకో జేబులోకి పోయేది అందుకే. మానిన రెండు మూడు రోజులకు ఒంట్లో నికోటిన్ దాదాపు మిగలదు. చిరాకు, విపరీతమైన ఆకలి, నిద్ర పట్టకపోవడం, లెక్క రాస్తుంటే అంకె మీద చూపు నిలవకపోవడం, ఇవన్నీ మొదటి వారంలోనే ఎక్కువగా ఉంటాయి. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలామందికి సర్దుకుంటాయి. నువ్వు ఆ కష్టం చాలావరకు దాటేశావు. మొన్న నిన్ను గుంజింది ఆ చోటు, ఆ ఎదురుచూపు.

బేగంబజార్‌లో పని నేర్చుకోవడమంటే ముందు ఎదురుచూడడం నేర్చుకోవడమే. నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం ఈ భూమిని వర్తకులకు ఇచ్చిందని పెద్దలు చెప్తారు. ఆనాటి నుంచీ ఇక్కడి పని తీరు పెద్దగా మారలేదు. పొద్దున షట్టర్ ఎత్తి, అగరబత్తి వెలిగించి బోణీ కోసం చూడాలి. లారీ కోసం, హమాలీ కోసం, కాంటా ఖాళీ అయ్యేదాకా, జిల్లా నుంచి వచ్చిన పార్టీ బేరం తెంచేదాకా ఆగాలి. సాయంత్రం గల్లా లెక్క కలిసేదాకా కూర్చోవాలి. ఈ ఖాళీలన్నిట్లో ఇన్నాళ్లూ సిగరెట్‌నే నింపావు. రోజుకు పది సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకుంటే ఏడాదికి 36,500 సార్లు నీ చెయ్యి నోటి దాకా పోయింది. అన్నిసార్లు చేసిన పనిని ఒళ్లు మూడు వారాల్లో ఎలా మరిచిపోతుంది? బిల్టీ కౌంటర్ కనపడగానే పాత అలవాటు లేచింది, అంతే. నీ పట్టుదలలో లోపమేమీ లేదు.

మన ఊళ్లో సిగరెట్‌తో ఈ ముడి ఇంకా పాతది. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ సిగరెట్‌కి పెట్టిన పేరే చార్మినార్. మీ తాతల తరానికి ఆ పెట్టె ఊరి వస్తువు, ఆజమాబాద్ ఫ్యాక్టరీ మనవాళ్ల బతుకుతెరువు. చాయ్‌తో పాటు సిగరెట్ ఇవ్వడం మర్యాద. ఆ మర్యాద ఇప్పటికీ పాన్ డబ్బాల దగ్గర మిగిలే ఉంది. ఎవరో ఒకరు నీ ముందు పెట్టె తెరిచి చాపుతారు. “మానేశాను అన్నా” అని ఒక్క మాటను ఒకే తీరుగా చెప్పు. కారణాలు చెప్పకు. కారణం చెప్పావంటే దానికి జవాబు వస్తుంది, తర్వాత వాదన, వాదన సాగుతుండగానే సిగరెట్ వేళ్ల మధ్యకు వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. యావ వచ్చినప్పుడు అది పెరుగుతూనే పోతుందని అనిపిస్తుంది. నిజానికి సాధారణంగా మూడు నుంచి ఐదు నిమిషాలు, మహా అయితే పది నిమిషాలు ఉంటుంది. నువ్వు సిగరెట్ వెలిగించినా వెలిగించకపోయినా అది పోతుంది. ఈ ఒక్క సంగతి నమ్మకంగా తెలిస్తే సగం భయం తగ్గుతుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అలన్ మార్లట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని అలతో పోల్చాడు. అలకు ఎదురు నిలబడి తోసెయ్యాలని చూడకుండా, అది లేచి విరిగేదాకా దాని మీదే తేలి ఉండమని నేర్పాడు. నువ్వూ అదే చెయ్యి. బిల్టీ కౌంటర్ దగ్గర గుంజుడు మొదలవగానే గడియారం చూడు. ఒంట్లో ఎక్కడ తెలుస్తోందో గమనించు. దవడలోనా, గుండెల మీదా, వేళ్ల చివరనా? పేరు పెట్టకు, తిట్టకు, దానితో వాదించకు. ఊపిరి మెల్లగా తీసి, అంతకంటే మెల్లగా వదులు. సిగరెట్ పీల్చేటప్పుడు దక్కిన నెమ్మదిలో కొంత ఈ దీర్ఘశ్వాసదే. ఆ శ్వాస నీది, దానికి పొగ అక్కర్లేదు.

అయితే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు పోవడం మానకు. కొందరు ఆ దారే వదిలెయ్యమని సలహా ఇస్తారు. మొదటి వారానికి అది సరే. ఇప్పుడు నీ కూలీ, నువ్వు నేర్చుకునే పని అక్కడే ఉన్నాయి. అదే కౌంటర్ దగ్గర, అదే వేళకు, పొగ లేకుండా బిల్టీ తీసుకున్న ప్రతిసారీ ఆ ముడి కొంచెం వదులవుతుంది. తప్పించుకుని తిరిగితే అది అలాగే ఉండిపోయి, నువ్వు వెళ్లిన రోజున మళ్లీ పట్టుకుంటుంది. కల్లు కాంపౌండ్, మందు పార్టీల సంగతి వేరు. తాగిన మత్తులో, నలుగురు దమ్ము కొడుతున్న చోట జారిపోయినవాళ్లు చాలామంది. కనీసం మూడు నెలలు వాటికి దూరంగా ఉండు. పెళ్లిళ్ల సీజన్ వస్తోంది, ఈ మాట మరీ గుర్తుంచుకో.

చాయ్ సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని చాలామంది పట్టించుకోరు. సిగరెట్ పొగలోని పదార్థాలు కాలేయాన్ని రెచ్చగొట్టి, అది కెఫీన్‌ను తొందరగా విరిచేసేలా చేస్తాయి. పొగ ఆగగానే ఆ తొందర పోతుంది. అవే చాయ్‌లు తాగినా రక్తంలో కెఫీన్ చాలా ఎక్కువగా, చాలాసేపు నిలుస్తుంది. గుండె దడ, చేతుల వణుకు, రాత్రి నిద్ర లేకపోవడం వస్తే మనిషి అది సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుంటాడు. రోజుకు ఆరు ఇరానీ చాయ్‌లు తాగుతున్నావంటే మూడుకు దిగు. పాన్ డబ్బా పక్కన నిలబడి తాగే అలవాటు మార్చి, లోపల కూర్చుని తాగు. ఒక వారంలో తేడా నీకే తెలుస్తుంది.

నోటికి ఏదో ఒకటి కావాలనిపిస్తుంది. నువ్వు పనిచేసేదే మసాలా దుకాణం, ఇంతకంటే అదృష్టమేముంది? జేబులో నాలుగు లవంగాలు, రెండు యాలకులు, కొంచెం సోంపు పెట్టుకో. దాల్చిన చెక్క ముక్క నోట్లో పెట్టుకుంటే పంటికీ నాలుకకూ పని దొరుకుతుంది. బాదం, కాజు మాత్రం శాంపిల్ పేరుతో గుప్పెళ్లు తినకు. మానినవాళ్లు ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. సిగరెట్ బదులు వక్క వైపు అసలే పోకు. వక్కపొడి, పాన్ మసాలా, తీపి సుపారీ, ఏ పేరైనా ఒకటే. పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది. గుట్కా, ఖైనీ, జర్దా గురించి నీకు వేరే చెప్పక్కర్లేదు. హుక్కా తేలిక అని ఎవరైనా అంటే, తెలంగాణ శాసనసభ హుక్కా పార్లర్లను నిషేధిస్తూ 2024 ఫిబ్రవరిలో బిల్లును ఆమోదించిందని చెప్పు. ఈ-సిగరెట్లు దేశమంతటా 2019 నుంచే నిషిద్ధం.

మరీ కష్టంగా ఉంటే మందుల షాపులో నికోటిన్ గమ్ దొరుకుతుంది. రెండు మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తారు. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలితే వెక్కిళ్లు, కడుపులో మంట వస్తాయి, పని కూడా చెయ్యదు. మెల్లగా నమిలి, చిమచిమ అనిపించగానే బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలెయ్యి. చిమచిమ తగ్గాక మళ్లీ కొంచెం నములు. ఒక్కోటి అరగంట వస్తుంది. నమలడానికి పావుగంట ముందు నుంచి చాయ్, నిమ్మసోడా లాంటివి ముట్టకు, పులుపు ఉంటే నికోటిన్ సరిగ్గా అందదు. డాక్టర్ రాసే మందులూ ఉన్నాయి. సాయం తీసుకోవడం చిన్నతనం కాదు. నోట్లో తెల్ల మచ్చో మానని పుండో కనిపిస్తే ఆలస్యం చెయ్యకుండా అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి దగ్గరున్న ప్రభుత్వ దంత వైద్యశాలలో చూపించుకో. నీ దుకాణం నుంచి నడిచిపోవచ్చు.

నెలలు గడిచాక యావ రాకపోవడం మొదలవుతుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఏ కారణమూ లేకుండా, ఒక వానాకాలం సాయంత్రం తలపుకు వస్తుంది. ఒకప్పుడు కాల్చి మానేసిన నాకు ఇప్పటికీ అరుదుగా వస్తుంది. వచ్చి క్షణం నిలిచి పోతుంది. అప్పుడు మనసు చెప్పే మాట ఎప్పుడూ ఒకటే: “ఇన్నాళ్లు ఆగగలిగావు, ఒక్కటి కాలిస్తే ఏమవుతుంది?” ఆ మాటను మాత్రం ఎన్నడూ నమ్మకు. ఒకవేళ జారి ఒకటి కాల్చినా, పోయింది కదా అని పెట్టె కొనకు. మిగిలినదాన్ని పారేసి, అది ఏ చోట, ఎవరితో, ఏ వేళ జరిగిందో చీటీ మీద రాసి దాచుకో. ఇకముందు అదే నీకు పాఠం. ఒకటి కాల్చినవాడు ఓడిపోయినట్టు కాదు, రెండోదానికి చెయ్యి చాపినప్పుడే కష్టం.

నీ వయసుకు ఇది ఎంత విలువైనదో చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తికాదు. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1951లో బ్రిటన్ డాక్టర్లపై మొదలుపెట్టిన అధ్యయనం యాభై ఏళ్లు సాగింది. సిగరెట్ మానకుండా కాల్చినవాళ్లు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. ముప్పై ఏళ్లకు మానినవాళ్లు ఆ పదేళ్లనూ దాదాపు మొత్తంగా దక్కించుకున్నారు, అరవైకి మానినవాళ్లకు మూడేళ్లే దక్కాయి. నీకు ముప్పై ఇంకా రాలేదు. మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు కాల్చేవాడి ముప్పులో సగానికి పడుతుంది. డబ్బు లెక్క నువ్వే వేసుకో, గల్లా దగ్గర కూర్చునేవాడివి కదా.

దుకాణం లోపల, గోడౌన్‌లో పొగ తాగకూడదని 2008 అక్టోబర్ 2 నుంచి చట్టమే ఉంది, 200 రూపాయల దాకా జరిమానా. గోనె సంచులు, అట్టపెట్టెలు నిండిన ఇరుకు గల్లీలో నిప్పు భయం కూడా చిన్నది కాదు. సేఠ్‌గారితో మంచి మాటగా చెప్పి ఒక బోర్డు పెట్టించు. అగరబత్తి అగ్గిపెట్టె దేవుడి గూట్లోనే ఉండాలి, నీ జేబులో ఉండకూడదు.

సిగరెట్ పెట్టె మీద అచ్చయి ఉంటుంది చూడు, 1800112356. పొగాకు మానాలనుకునే వాళ్లకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు అది. ఈ వారమే ఒకసారి మాట్లాడు. బస్తాలు మోసే హమాలీ అన్నలు నిన్ను చూసి ఎలా మానావని అడిగితే ఆ నంబరు వాళ్లకూ ఇవ్వు. అడగనివాడికి మాత్రం ఉపదేశం చెయ్యకు.

ఆశీస్సులతో,
నీ మామ